తాళం తిప్పినా పలకని బండి

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మిగతా ఆంధ్రలో వానలు వెనుదిరిగే వేళకు మన తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొర్లగుంటలోని నా షెడ్డు ముందు ఆగే బండ్లలో నడిపి తెచ్చినవాటికంటే తోసుకొచ్చినవే ఎక్కువ. ఈ నెల వచ్చిన ఉత్తరాలూ అలాగే ఉన్నాయి. చాలావరకు పదిహేనేళ్లు దాటిన బండ్లు, ఎక్కువమందిదీ ఒకటే బాధ: స్టార్ట్ కావడం లేదు. చాలా ఉత్తరాల్లో అప్పటికే కొని వేయించిన సామాన్ల పట్టీ ఉంది. కొత్త బ్యాటరీ, స్పార్క్‌కు వోల్టేజి పెంచే కొత్త కాయిల్, ఆ స్పార్క్ ఎప్పుడు రావాలో నిర్ణయించే కొత్త సీడీఐ పెట్టె, కొత్త ప్లగ్గు. ఇంత ఖర్చు పెట్టినవారిలో ఒక్కరు కూడా మీటరు పెట్టి కొలిచిన అంకె రాయలేదు. నాకు దిగులు కలిగించింది అదే. కరెంటు కంటికి కనిపించదు కాబట్టి ఊహించి సామాను మార్చడం అలవాటైపోయింది. కొలిస్తే అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిసిపోతుంది. అందుకే ఈసారి కొన్ని ప్రశ్నలే తీసుకుని తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నాది 2006లో కొన్న 150 సీసీ బండి. సెల్ఫ్ బటన్ నొక్కితే 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతుంది. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. హారన్, ఇండికేటర్లు బాగా పనిచేస్తున్నాయి. ఇప్పటికి రెండు బ్యాటరీలు మార్చాను. సెల్ఫ్ మోటారు పోయింది, కొత్తది వేయాలని మెకానిక్ అంటున్నాడు. నిరుడు దసరాకు బండికి పూర్తిగా రంగు వేయించాను, ఆ తర్వాత నెల నుంచే ఈ బాధ. మోటారు మార్చమంటారా?
చంద్రగిరి పాఠకుడు

జవాబు: అన్నగారూ, ఇప్పుడే మార్చకండి. ఉత్తరం చివర మీరు రాసిన రంగు మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ 'టక్' సంగతి చూద్దాం.

సెల్ఫ్ బటన్ నొక్కినప్పుడు సన్న వైర్ల గుండా కొద్దిపాటి కరెంటు వెళ్లి రిలేలోని తీగచుట్టను అయస్కాంతంగా మారుస్తుంది. అది లోపలి రాగి బిళ్లను లాగి, రెండు లావు కేబుళ్లను కలుపుతుంది. ఆ కలిసేటప్పుడు వచ్చే చప్పుడే 'టక్'. అంటే తాళం స్విచ్, ఫ్యూజు, బటన్, న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్ అన్నీ తమ పని చేశాయి. సగం వైరింగును ఆ ఒక్క చప్పుడే తేల్చేసింది. చప్పుడే రాకపోతే ఆ సన్న వైర్ల దారిలో వెతకాలి. టకటకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసంగా ఉంది, లేదా దాని బోల్టులు వదులయ్యాయి. రిలే కలిపిన వెంటనే వోల్టేజి పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, వోల్టేజి లేస్తుంది, మళ్లీ కలుపుతుంది. అందుకే ఆ టకటక.

మీది ఒక్క టక్కే. ఇప్పుడు మల్టీమీటరు కావాలి. ఎలక్ట్రికల్ దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మీరు కొన్న రెండో బ్యాటరీ ధరలో చిన్న భాగానికే వచ్చేది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచిన బండి బ్యాటరీని ఉదయాన్నే కొలవండి. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. 12.4 అయితే ఇంచుమించు ముప్పావు వంతు ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే ఖాళీ కింద లెక్క, ముందు చార్జింగు పెట్టించాలి. మీటరు తీయకుండా అలాగే ఉంచి బటన్ నొక్కండి. అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. అంకె 10 కంటే బాగా కిందికి పడితే బ్యాటరీలో బలం లేదు, లేకపోతే మోటారు బిగుసుకుని మితిమీరి లాగుతోంది. అంకె 12.5 దగ్గరే కదలకుండా నిలిచిందంటే బ్యాటరీ నుంచి కరెంటు బయటికే వెళ్లడం లేదు. దారి ఎక్కడో తెగింది. అలాంటప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫలితం అదే.

ఎక్కడ తెగిందో కనుక్కోవడానికి ఏ వైరూ ఊడదీయనక్కర లేదు. మీటరు ఎర్ర వైరును బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరును సెల్ఫ్ మోటారు బోల్టు మీద పెట్టి, పక్కవారిని బటన్ నొక్కమనండి. నొక్కినంత సేపూ అర వోల్టు లోపలే చూపించాలి. 12 దగ్గరే ఉండిపోతే రిలే లోపలి బిళ్ల కాలిపోయిందనో, ఆ కేబులు పాడైందనో అర్థం. రిలే పైకి టక్ అంటున్నా కరెంటును దాటనివ్వడం లేదన్న మాట. తర్వాత ఎర్ర వైరును ఇంజను మీద రంగు లేని చోట, నల్ల వైరును బ్యాటరీ మైనస్ మీద పెట్టి మళ్లీ నొక్కించండి. పావు వోల్టు దాటకూడదు. అక్కడ మూడో, ఐదో, పదో వోల్టులు కనిపిస్తే మీ బండి జబ్బు ఎర్త్‌లో, అంటే ఇంజను, ఫ్రేముల గుండా కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారిలో ఉంది.

నా అనుమానం అదే. పూర్తిగా రంగు వేసేటప్పుడు బండినంతా విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు ఫ్రేముకు తగిలే ఎర్త్ వైరును కొత్త రంగు మీదే పెట్టి బోల్టు వేస్తారు. రంగు కరెంటును దాటనివ్వదు. బోల్టు మర చుట్ల గుండా కాస్త దారి దొరుకుతుంది, అంతే. మరి హారన్ ఎలా మోగుతోందని మీరు అడగవచ్చు. హారన్‌కు రెండు మూడు యాంపియర్లు చాలు. సెల్ఫ్ మోటారుకు పదుల యాంపియర్లు కావాలి. ఎర్త్ బోల్టు దగ్గర పదో వంతు ఓము అడ్డు ఉందనుకుందాం. హారన్ మోగేటప్పుడు అక్కడ పోయేది 0.3 వోల్టు, చెవికి తేడా తెలియదు. అదే చోట 50 యాంపియర్లు పారాలంటే 5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, మోటారు తిరగడానికి కావలసిన బలం మిగలదు. మన తోటల్లో డ్రిప్పు గొట్టం మామిడి మొక్కను తడుపుతుంది, కానీ దానితో వరిమడి పారించలేం కదా. ఇంకో గుర్తు చెబుతాను. ఎర్త్ బాగా లేనప్పుడు కరెంటు క్లచ్ కేబులునో యాక్సిలరేటర్ కేబులునో పట్టుకుని పోతుంది. నాలుగైదు సార్లు బటన్ నొక్కి క్లచ్ కేబులును చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకే పరీక్షా అక్కర లేదు.

ఈ సంగతి నేను నేర్చుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. షెడ్డు పెట్టిన కొత్తలో యూనివర్సిటీలో చదువుకునే ఒక కుర్రవాడు స్పార్క్ రాని బండి తోసుకొచ్చాడు. నేను కాయిల్ మార్చాను. రాలేదు. సీడీఐ మార్చాను. రాలేదు. ఆ డబ్బు అతను పరీక్ష ఫీజుకు దాచుకున్నదని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నాకు పని నేర్పిన మేస్త్రీ వచ్చి, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టిన తన టెస్టు లైటు తీశారు. ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస ఫ్రేముకు తగిలించారు. బల్బు మిణుకుమంది. ఆ రెండో కొసనే తీసి బ్యాటరీ మైనస్‌కు తగిలించారు. భగ్గున వెలిగింది. ఎర్త్ బోల్టు కింద నిగనిగలాడే కొత్త రంగు ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించడం రెండు నిమిషాల పని. కుర్రవాడికి డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత కొలవకుండా ఎవరి బండికీ సామాను మార్చలేదు.

మీరు చేయవలసింది కూడా అదే. ఎర్త్ బోల్టు విప్పి, దాని కింద ఫ్రేము మీద, వైరు చివరి రింగు మీద తెల్లటి లోహం కనిపించేదాకా రుద్దండి. పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించండి. బిగించాక పైన కాస్త వ్యాజిలిన్ రాస్తే వానకు తుప్పు పట్టదు. ఇంజను నుంచి ఫ్రేముకు వేరే ఎర్త్ వైరు ఉంటే దానికీ ఇదే వైద్యం. ఆ రెండూ బాగుండి, మోటారు బోల్టు దాకా పూర్తి వోల్టేజి వస్తున్నా తిరగకపోతే అప్పుడు మోటారు విప్పించండి. అప్పుడైనా ముందు చూడవలసినవి కార్బన్ బ్రష్‌లు. అరిగినవాటి బదులు కొత్త బ్రష్‌లు విడిగా దొరుకుతాయి, మోటారంతా కొననక్కర లేదు. కొందరు స్క్రూడ్రైవరుతో రిలే రెండు బోల్టులనూ కలిపి మోటారును తిప్పి చూస్తారు. పెట్రోలు ట్యాంకు కింద అంత పెద్ద నిప్పురవ్వ లేపడం నాకు ఇష్టం లేదు, నా దగ్గర పనిచేసే పిల్లలను చేయనివ్వను.

మీ బ్యాటరీల గురించి కూడా ఒక మాట. యాసిడ్ పోసి అప్పటికప్పుడు బండికి బిగించి ఇచ్చిన కొత్త బ్యాటరీ పూర్తి బలానికి రాదు. యాసిడ్ పోశాక అరగంట ఆగాలి. తర్వాత దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 9 యాంపియర్ అవర్ బ్యాటరీకి 0.9 యాంపియరుతో, కొన్ని గంటలు చార్జింగు పెట్టాలి. ఈ మొదటి చార్జింగు ఎగ్గొడితే ఆ లోటు తర్వాత తీరదు. బండి స్టార్ట్ అయ్యాక, ఇంజను కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 15 దాటితే చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడికిస్తోంది. 13 కంటే తక్కువైతే చార్జింగు అందడం లేదు. ఈ అంకె చూడకుండా మూడో బ్యాటరీ జోలికి పోకండి.

ప్రశ్న: మాది 1990ల నాటి పాయింట్ల బుల్లెట్ 350. ఉదయం ఒకటి రెండు కిక్కులకే పలుకుతుంది. కూరగాయల మూటలతో పలమనేరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్ సగంలో ఆగిపోతుంది. తాళం తిప్పి ఉంచి అరగంట కూర్చుంటే మళ్లీ స్టార్ట్ అవుతుంది. కార్బ్యురేటర్ రెండుసార్లు కడిగించాను, ప్రయోజనం లేదు. ఏనుగులు దాటే దారి. సాయంత్రం పూట అక్కడ నిలబడాలంటే భయంగా ఉంది.
బంగారుపాళెం రైతు

జవాబు: అయ్యా, ఆ భయం నాకు తెలుసు. ఆ దారిలో బండి ఆగకూడదు. కాబట్టి దీన్ని వచ్చే నెలకు వాయిదా వేయకండి.

మీ బండి జబ్బు షెడ్డులో దొరకదు. ఘాట్‌లో వేడెక్కి ఆగుతుంది, షెడ్డుకు వచ్చేసరికి చల్లబడి అన్నీ బాగుంటాయి. మెకానిక్ చేతికి ఏమీ తగలక కార్బ్యురేటర్ కడుగుతాడు. ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే చూడాలి. పగటిపూట, తోడు ఒకరిని తీసుకుని, బరువు వేసుకుని ఒకసారి ఆ పరీక్ష కోసమే వెళ్లండి. జేబులో ఒక కొత్త ప్లగ్గు, సంచిలో ప్లగ్గు స్పానరు, తడి గుడ్డ, నీళ్ల సీసా ఉంచుకోండి.

ఆగగానే మొదట పెట్రోలు ట్యాంకు మూత తెరిచి మూయండి. ఇది కరెంటు సంగతి కాదు, కానీ లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. మూతలోని సన్న రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు దిగిన కొద్దీ లోపలికి గాలి రాక ధార ఆగిపోతుంది. అరగంటలో గాలి మెల్లగా చొరబడి అంతా సర్దుకుంటుంది. మూత తెరవగానే 'స్స్' మని గాలి పీల్చుకుని, వెంటనే కిక్కుకు పలికితే మీ ఖర్చు ఒక సూది మాత్రమే.

అలా కాకపోతే ఇంజను ప్లగ్గు మీది క్యాప్‌ను ఊడదీసి, జేబులోని ప్లగ్గును దానికి తొడిగి, దాని ఇనుప ఒంటిని సిలిండరు తలకు ఆనించి కిక్ కొట్టండి. ఇంజనులోని ప్లగ్గును అలాగే ఉంచండి, ఆ రంధ్రం తెరిస్తే పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది. నీలంగా, చిటచిటమని నిప్పురవ్వ వస్తే కరెంటు బాగుంది. రాకపోయినా, సన్నగా ఎర్రగా వచ్చినా ఇప్పుడు బ్యాటరీలోకి, బయటికి పోయే కరెంటును చూపే ఆంమీటరు చూడండి. పాత బుల్లెట్‌లో అది ఉండడం ఎంత పెద్ద వరమో చాలామందికి తెలియదు. హెడ్‌ల్యాంపు మీద ఉన్న ఆ చిన్న గడియారాన్ని బొమ్మలా చూస్తారు. లైట్లన్నీ ఆపి, తాళం తిప్పి, కిక్కర్‌ను చేత్తో నెమ్మదిగా తొక్కినట్టు దించండి. పాయింట్లు, అంటే కాయిల్‌కు పోయే కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్, మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు ఒరుగుతుంది, తెరుచుకోగానే మధ్యకు వచ్చేస్తుంది. ముల్లు అసలు కదలకపోతే కరెంటు పాయింట్ల దాకా రావడం లేదు, లేదా పాయింట్లు నూనె, మసి పట్టి అంటుకోవడం లేదు. ఎప్పుడూ మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా పాయింట్ల మధ్య మెరుపును అణిచే కండెన్సర్ లోపల కలిసిపోయింది. ముల్లు చక్కగా ఊగుతున్నా స్పార్క్ రాకపోతే కాయిల్ మీదికో కండెన్సర్ మీదికో అనుమానం మళ్లించాలి.

ఆ రెండింటిలో ఏదో తేల్చడం సులువే. పాయింట్ల మూత తీసి, నీడ చేసి, తోడు వచ్చినవారిని కిక్ కొట్టమనండి. పాయింట్ల మధ్య పెద్ద పెద్ద తెల్లని మెరుపులు కనిపిస్తే కండెన్సర్ పోయింది. పాయింట్లు త్వరగా కాలి గుంటలు పడుతుండటమూ దాని గుర్తే. మెరుపులు లేకపోతే తడి గుడ్డను కాయిల్ మీద కప్పి, వైరు కొసలు తడవకుండా, ఐదు నిమిషాలు నీళ్లతో చల్లార్చండి. అప్పుడు పలికితే దోషం కాయిల్‌ది. లోపలి సన్న తీగచుట్ట మీది పూత పాతబడితే, వేడికి తీగ వ్యాకోచించి చుట్టల మధ్య కరెంటు దాటిపోతుంది. చల్లబడితే మళ్లీ మామూలే. బాగు చేయడం కుదరదు, మార్చాలి. ఈ పరీక్ష తర్వాత మారిస్తే ఆ డబ్బు వృథా కాదు.

మీ ఉత్తరంలో ఒక మాట నన్ను కలవరపెట్టింది. తాళం తిప్పి ఉంచి అరగంట కూర్చుంటున్నారు. పాయింట్ల బండిలో అలా చేయకూడదు. ఇంజను ఆగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉంటే, కాయిల్ గుండా మూడు నాలుగు యాంపియర్లు ఆగకుండా పారుతూనే ఉంటాయి. కాయిల్ కాలుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అప్పటికే వేడెక్కిన కాయిల్‌ను మీరే ఇంకా వేడి చేస్తున్నారు. ఈ జబ్బు మొదలవడానికి కారణం కూడా ఎప్పుడో ఇలా మరిచిపోయి వదిలిన తాళమే కావచ్చు.

పాయింట్లు కొత్తవి వేసినా పాతవి రుద్దినా, పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. సందు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజి పెట్టి చూడండి, అట్ట ముక్కతో వద్దు. రుద్దాక శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగితే పొడి వచ్చేస్తుంది. సందు మారితే టైమింగు, అంటే స్పార్క్ వచ్చే క్షణం, మారుతుంది కాబట్టి దాన్నీ సరిచూసుకోవాలి. పాయింట్లు మార్చినప్పుడల్లా కండెన్సర్ కూడా మార్చేయండి, దాని ధర తక్కువ.

ప్రశ్న: 2021 నవంబరు వరదల్లో మా వీధిలో నడుము లోతు నీళ్లు వచ్చాయి. నాన్నగారి నూరు సీసీ కిక్ బండి ఒక రాత్రంతా నీళ్లలో ఉంది. తర్వాత బాగు చేయించి ఆయనే నడిపారు. నాన్నగారు పోయి ఆరు నెలలైంది, అప్పటి నుంచి ఎవరూ తీయలేదు. నేను నేర్చుకుని నడపాలనుకుంటున్నాను. ఎండగా ఉన్న రోజు కిక్ కొడితే పలుకుతుంది, వాన పడిన మర్నాడు ఎంత కొట్టినా పలకదు. బ్యాటరీ మార్చమని ఒకరు, అమ్మేయమని ఒకరు చెబుతున్నారు.
తిరుపతి పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, ఆ బండిని ఉంచుకోండి. ఎండలో పలికే బండి చెడిన బండి కాదు. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది: తేమ ఉన్నప్పుడే పలకడం లేదు. అంటే కరెంటు పుడుతోంది, తడి దారిలో పక్కకు జారిపోతోంది.

బ్యాటరీ మాట నమ్మకండి. ఆ తరం నూరు సీసీ కిక్ బండ్లు చాలావాటిలో స్పార్క్‌కు బ్యాటరీతో పని లేదు. కిక్ కొట్టగానే ఇంజను పక్కన మాగ్నెట్ తిరిగి తన కరెంటు తానే పుట్టిస్తుంది. సీడీఐ దాన్ని కాసేపు కూడబెట్టి, సరైన క్షణంలో కాయిల్‌కు ఒక్కసారిగా వదులుతుంది. బ్యాటరీ హారన్‌కూ ఇండికేటర్లకే. అది పూర్తిగా దిగిపోయినా కిక్కుకు బండి పలకాలి.

సాయంత్రం చీకటి పడ్డాక, పొడిగా ఉన్న రోజున బండి స్టార్ట్ చేయండి. పూల మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసాతో ప్లగ్ క్యాప్ మీద, దానికి వచ్చే లావు వైరు మీద సన్నగా నీటి తుంపర చల్లండి. తాకకుండా దూరం నుంచే చూడండి. నీలం గీతలు పాములా పాకుతూ కనిపిస్తే కరెంటు అక్కడే కారిపోతోంది. ఇంజను ఆగిపోయినా అదే రుజువు. క్యాప్ పాతబడి పగిలి ఉంటుంది. క్యాప్‌ను వైరు నుంచి మర తిప్పినట్టు తిప్పితే ఊడుతుంది. లోపల వైరు కొస నల్లబడి, పచ్చటి చిలుము పట్టి ఉంటే ఐదారు మి.మీ. కత్తిరించి, కొత్త క్యాప్ తిప్పి బిగించండి. పాత క్యాప్‌నే ఉంచాలనుకుంటే మీటరుతో దాని రెండు కొసల మధ్య కొలవండి. చాలా క్యాపులు 5 కిలో ఓముల దగ్గర చూపిస్తాయి. ఏమీ చూపించకపోతే పారేయండి.

క్యాప్ మార్చినా వాన మర్నాడు మూగబోతే తాళం స్విచ్‌ను అనుమానించాలి. ఈ రకం బండిలో స్విచ్ పని తలకిందులుగా ఉంటుంది. తాళం ఆపినప్పుడు స్విచ్ సీడీఐ నుంచి వచ్చే ఒక వైరును ఎర్త్‌కు కలిపి స్పార్క్‌ను చంపేస్తుంది. వరద నీళ్లు చొరబడిన స్విచ్ లోపల చిలుము, బురద మిగిలి ఉంటే, తడి తగిలినప్పుడు అవే ఆ వైరును ఎర్త్‌కు కలిపేస్తాయి. మీరు తాళం తిప్పినా సీడీఐ దృష్టిలో బండి ఆపినట్టే. చాలా నూరు సీసీ బండ్లలో అది నలుపు మీద తెల్ల గీత ఉన్న వైరు. పలకని రోజున సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరును మాత్రం ఊడదీసి కిక్ కొట్టించండి. పలికితే దోషం స్విచ్‌లోనే ఉంది. ఇలా స్టార్ట్ చేసిన బండి తాళంతో ఆగదు. మొదటి గేరు వేసి, రెండు బ్రేకులూ పట్టి, క్లచ్ మెల్లగా వదిలితే ఆగుతుంది. మీరు కొత్తగా నేర్చుకుంటున్నారు కాబట్టి ఈ పరీక్షకు తెలిసినవారిని పక్కన ఉంచుకోండి.

ట్యాంకు కింద వైర్లను కలిపే కప్లర్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరాక వ్యాజిలిన్ పలచగా రాసి తిరిగి బిగించమనండి. పెట్రోలుతో కడగనివ్వకండి, వైర్ల తొడుగు పాడవుతుంది. ఆరు నెలల పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయండి. ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నడపకుండా మార్చండి.

ప్రశ్న: ప్లగ్గు బయట పెట్టి చూస్తే స్పార్క్ వస్తోంది, లోపల బిగిస్తే బండి స్టార్ట్ కాదు. ఇదెలా సాధ్యం?
శ్రీకాళహస్తి

జవాబు: సిలిండరులో పిస్టన్ నొక్కేసిన గాలి గుండా దూకాలంటే బయటి గాలిలో దూకడానికి కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజి కావాలి. నీరసించిన కాయిల్ బయట నెగ్గుతుంది, లోపల ఓడుతుంది. అందుకే 0.6, 0.7 మి.మీ. సందున్న ప్లగ్గుతో బయట చూసిన స్పార్క్‌ను నేను పూర్తిగా నమ్మను. 6 మి.మీ. సందు దాటే స్పార్క్ వస్తోందేమో పరీక్షించే చిన్న పరికరం దొరుకుతుంది, మీ మెకానిక్‌ను దానితో చూడమనండి. ఒక జాగ్రత్త: ప్లగ్గు ఒంటిని ఇంజనుకు ఆనించకుండా గాలిలో వేలాడదీసి కిక్ కొట్టకండి. దూకడానికి చోటు దొరకని కరెంటు కాయిల్ లోపలి పూతనే చీల్చుకుని పోతుంది. బాగున్న కాయిల్ ఆ పరీక్షలోనే పోవచ్చు.

ప్రశ్న: బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ బదులు తాగే క్యాన్ నీళ్లు పోయవచ్చా? మా బోరు నీళ్ల కంటే అవి శుభ్రమే కదా.
చిత్తూరు

జవాబు: వద్దు. క్యాన్ నీళ్లు తాగడానికి శుభ్రం, బ్యాటరీకి కాదు. వాటిలో మిగిలిన లవణాలు సీసపు పలకలను మెల్లగా తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ పై గీత దాటకుండా పోయండి. తగ్గింది నీళ్లే కాబట్టి మళ్లీ యాసిడ్ పోయకూడదు.

ప్రశ్న: మామిడికాయల కాలంలో మా షెడ్డులో ఎలుకలు బండి వైర్లు కొరికేశాయి. మెలిపెట్టి టేపు చుట్టి నడిపిస్తున్నాం. అప్పుడప్పుడు ఫ్యూజు పోతోంది. రాగి తీగ పోగు వేయమంటున్నారు.
దామలచెరువు

జవాబు: ఆ పోగు మాత్రం వేయకండి. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో ఒక వైరు ఫ్రేముకు తాకుతోంది. పోగు వేస్తే అది పోకుండా నిలుస్తుంది, దాని బదులు ట్యాంకు కింద వైరు కాలుతుంది. మీ బండికి ఎన్ని యాంపియర్ల ఫ్యూజు అని ఫ్యూజు డబ్బా మీద రాసి ఉంటుందో అదే వేయండి. మెలిపెట్టిన అతుకులన్నీ విప్పి, రాగి మెరిసేదాకా గీకి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. నాలుగు చోట్లకు మించి కొరికి ఉంటే అతుకుల జోలికి పోకుండా పూర్తి వైరింగు మార్చించండి. వెతుక్కుంటూ మీరు పోగొట్టుకునే పనిదినాల కంటే అది చౌక. ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానంలో 12 వోల్టుల బల్బు ఒకటి తగిలించి, తాళం తిప్పి, వైరింగును ఒక్కో చోట పట్టి కదపండి. ఎక్కడ కదిపితే బల్బు వెలుగు ఒక్కసారిగా పెరుగుతుందో, అక్కడే వైరు ఫ్రేముకు తాకుతోంది. బాగు చేయించాక బండిని కాయల బుట్టలకు దూరంగా, గోడకు ఆనకుండా నిలపండి.